వీపు కొలత

"నువ్వెలాగూ ఇంట్లో ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటావుగా, అదేదో ఈ బ్యాగు తగిలించుకుని తిరుగు" అన్నాడు మా ఆయన, గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. నేను గిన్నెలు తోముతున్నాను. చేతులు తుడుచుకుని వచ్చి చూస్తే హాల్లో నా కుర్చీలో కొత్త రక్‌సాక్, ముదురు ఆకుపచ్చది, ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చుని ఉంది.

ఆయన ఏటా స్నేహితులతో కలిసి కొండలెక్కడానికి వెళ్తాడు. గుడారం, పక్క, తిండి అన్నీ వీపున వేసుకుని నాలుగైదు రోజులు నడుస్తారు. పోయినేడు పాత బ్యాగు పట్టీ తెగి భుజం ఒరుసుకుపోయింది. వచ్చాక దానికి మందు రాసింది నేనే. అందుకని ఈసారి మోటుగా వాడినా చిరగనిది, వీపుకి హాయిగా ఉండేది కొన్నాడు. పది కిలోల బరువు వేసి ఇంట్లో కొన్నాళ్ళు మోసి చూడండి, నొప్పి పెడితే బ్యాగుకి కట్టిన ధర చీటీ తెంపకుండా తెచ్చి మార్చుకోండి అని కొట్టువాళ్ళు చెప్పారట. ఆయనకేమో ఆఫీసులో ఊపిరి సలపడం లేదు. "మనిద్దరిదీ ఒకే ఎత్తు. నీకు సరిపోతే నాకు సరిపోయినట్టే" అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

ఒకే ఎత్తు అన్న మాట ఆయన నోట ఇంత తేలిగ్గా రావడం అదే మొదలు. పెళ్ళినాడు ఫోటో తీసేటప్పుడు "కాస్త మోకాళ్ళు వంచమ్మా, అబ్బాయి పొట్టిగా కనపడుతున్నాడు" అన్నారు మామగారు. ఎవరికీ తెలియకుండా మోకాళ్ళు వంచి, పైకి నవ్వుతూ నిలబడ్డాను. ఫోటో అయిపోయినా ఆ వంపు మాత్రం పోలేదు. మడమ ఎత్తు చెప్పులు మానేశాను. ఆయన పక్కన నడిచేటప్పుడు భుజాలు ముందుకు పడేసుకునేదాన్ని. టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది, "సారీ సర్, చూస్తాను మేడమ్" అంటూ కంప్యూటర్ మీదకి వంగి కూర్చుంటాను. ఇంటికొస్తే పొయ్యి, సింకు, బట్టల బకెట్టు. ఇక్కడా ఫిర్యాదులే, కాకపోతే జీతం ఉండదు. నడుం నొప్పి రాక ఏమవుతుంది?

సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చి బియ్యం, కందిపప్పు, రెండు నూనె ప్యాకెట్లు బ్యాగులో కుక్కి వీపున వేసుకున్నాను. కూర తరిగేలోపే భుజాలు లాగేశాయి. సోఫాలో కూర్చున్న మా అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"వాడి సంచికి నీ వీపేమిటే? రేపు వాడికి జ్వరం వస్తే మందు కూడా నువ్వే మింగుతావా?"

అత్తయ్య నోరు మంచిది కాదు గానీ, అబద్ధం చెప్పదు. నవ్వాను. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల మీదకి నెట్టేశాను.

ఆ కొండలు నేనెప్పుడూ చూడలేదు. వాటి వాసన మాత్రం తెలుసు. తిరిగొచ్చాక బట్టలు నానబెట్టేది నేనే కదా. మేజోళ్ళలో ఎర్రమట్టి, చొక్కాలో కట్టెల పొగ, జేబు అడుగున ఏవో గడ్డిగింజలు. ఒకసారి పొడుగాటి ఎండుటాకు ఒకటి దొరికింది. పారేయబుద్ధి కాక వంటింటి కిటికీలో పెట్టుకుని, దాని చెట్టు ఎలా ఉంటుందో అని రోజూ అంట్లు తోముతూ ఆలోచించేదాన్ని. నాకు వెళ్ళాలని ఉంది. ఇంత సూటిగా నాలో నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు. లేవగానే ఎవరికీ టీ పెట్టక్కర్లేని చోట, నాక్కావలసినంత సామాను నా వీపునే ఉండగా, ఆ ముందు మలుపు తిరిగాక ఏముందో చూడ్డానికి నడవాలని ఉంది. ఒకసారి అడిగాను కూడా. "దూరపు కొండలు నునుపు. దగ్గరికెళ్తే అన్నీ జలగలే. అయినా నువ్వొస్తే అమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. స్నేహితులొచ్చినప్పుడు "మా ఆవిడ కూరగాయలకెళ్ళొస్తేనే నడుం పట్టేసిందంటుంది, ఇక కొండలెక్కుతుందట" అని నవ్వించాడు. రెండు చేతులా సంచులు మోసుకొస్తే నడుం పట్టెయ్యదా? టీ కప్పులు తీసుకుని లోపలికొచ్చేశాను. ఆ జలగలేవో నన్నూ చూడనిస్తే నష్టమేమిటి అని ఆ రోజంతా మనసులో కుమిలాను.

నాలుగు రోజులయ్యేసరికి భుజాలు కమిలాయి. చీటీ మీద కొట్టు నంబరు ఉంటే ఫోన్ చేశాను. రోజూ ఊరందరి ఫిర్యాదులు వినే నేను, మొదటిసారి నా ఫిర్యాదు చెప్పుకున్నాను. అవతల ఎవరో హుషారైన ఆవిడ.

"నడుం బెల్టు ఎక్కడ పెట్టారు మేడమ్, పొట్ట మీదా?"

"అవునండీ."

"అక్కడ కాదు, కిందకి, తుంటి ఎముకల మీదకి దించండి. బరువు భుజాలు మొయ్యకూడదు, తుంటి మొయ్యాలి. చంటిపిల్లని ఎక్కడ ఎత్తుకుంటాం మనం? అక్కడే. ఇంకోటి, ఎత్తు చూసి బ్యాగు తీసుకోకూడదు. మెడ కింద ఎముక నుంచి తుంటి దాకా వీపు కొలవాలి. వెనకాల పట్టీలు పైకీ కిందికీ జరుగుతాయి, ఎవరు మోస్తారో వాళ్ళ వీపుకే బిగించాలి. మోసేది మీరేనా?"

మా ఆయన కోసమండీ అని చెప్పాలి.

"నేనే" అన్నాను.

"కొత్తా? అయితే మాతో రండి. ఓ పదిమందిమి ఆడవాళ్ళం నెలకోసారి కొండలకి వెళ్తుంటాం."

"చూస్తాను మేడమ్" అన్నాను. చూస్తానంటే చూడనని అర్థం, అది మా ఆఫీసులో అందరికీ తెలుసు.

అత్తయ్య చేతికి టేపిచ్చి వీపు కొలిపించుకున్నాను. పట్టీలు కిందికి జరిపి, బియ్యం వీపుకి ఆనేలా సర్ది, బెల్టు తుంటి మీద బిగించాను. అమ్మయ్య! ఎవరో ఇన్నాళ్ళుగా నా భుజాలు నొక్కిపట్టి, ఇప్పుడు చేతులు తీసేసినట్టయింది. బరువు అంతే ఉంది, నొప్పి లేదు. వంగి నిలబడదామంటే బ్యాగు ఒప్పుకోలేదు. నిటారుగా నిలబడ్డాను.

"ఇంత పొడుగా నువ్వు?" అంది అత్తయ్య, టేపు చుట్టడం మరిచిపోయి.

ఆ రోజు నుంచి బ్యాగుతోనే మెట్లెక్కాను, డాబా మీద బట్టలు ఆరేశాను. నీళ్ళ ట్యాంకుల అవతల, ఎండ బాగా ఉన్నప్పుడు, సన్నగా నీలంగా కొండలు కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ దుప్పట్లు పిండుతూ వాటికి వీపు పెట్టే నిలబడ్డానన్నమాట. తర్వాత వీధిలోకి కూడా వెళ్ళాను. "ఎక్కడికండీ ప్రయాణం?" అని పక్కింటావిడ అడిగితే "పాల ప్యాకెట్టుకి" అన్నాను. పాల కొట్టు దాటాను. వీధి చివర దాటాను. ఇళ్ళు అయిపోయి మట్టిరోడ్డు మొదలయ్యేదాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడ్డాను. కాళ్ళు ముందుకే వెళ్తామంటున్నాయి. వెనక్కి తిప్పుకుని తెచ్చేసరికి నా ప్రాణం మీదకొచ్చింది.

ఆదివారం మా ఆయనకి తీరింది. బ్యాగు వేసుకుని అటూ ఇటూ కదిలి మొహం చిట్లించాడు.

"ఏం చేశావు దీన్ని? బెల్టు డొక్కల్లోకి వస్తోంది."

"పట్టీలు నా వీపుకి జరిపాను, పైకి జరపండి" అన్నాను.

పైదాకా జరిపినా చాల్లేదు.

"వాడిది వాళ్ళ నాన్న పోలికే. కాళ్ళు పొట్టి, మొండెం పొడుగు" అంది అత్తయ్య. "కావాలంటే వాడి చొక్కాలు చూడు."

ఆయన బ్యాగు విప్పి నా చేతిలో పెట్టాడు. "పోనీలే, సాయంత్రం నువ్వెళ్ళి దీన్నిచ్చేసి, ఇంకో సైజు పట్రా. చీటీ ఉందిగా?"

"ఉంది."

వంటింట్లోకి తీసుకెళ్ళాను. బియ్యం బియ్యం డబ్బాలోకి, పప్పు పప్పు డబ్బాలోకి పోసేశాను. ఖాళీ అయ్యాక బ్యాగు పసిపిల్లంత తేలిగ్గా ఉంది. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం దీన్ని కౌంటరు మీద పెట్టి, వట్టి వీపుతో ఇంటికి రావాలి. రేపటి నుంచి మళ్ళీ ఎంత వంగినా అడ్డు చెప్పేదేదీ ఉండదు. ఆ తలపుకే నడుం కలుక్కుమంది. పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర గోడకి వేలాడుతోంది. తీసి, చీటీ తాడు కత్తిరించేశాను. చీటీ మీది నంబరుకి ఫోన్ చేసి, "చూస్తానన్నాను కదండీ, వస్తున్నాను" అని చెప్పాను.

మంచినీళ్ళకని వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదేంటి, చీటీ తెంపేశావు? ఇంక వాళ్ళు తీసుకోరుగా. మరి నాకు?"

"దీంతో నేను కొండలకెళ్తున్నాను. మీరు కొట్టుకెళ్ళి కొలిపించుకోండి. మీ వీపు మీ దగ్గరే ఉందిగా."

"ఎలా వెళ్తావు? అమ్మకి అన్నం..."

"నన్ను అడ్డం పెట్టకురా" అంది అత్తయ్య హాల్లోంచి. "నువ్వెళ్ళినప్పుడు గుర్తురాని అమ్మని ఇప్పుడెందుకు?"

ఆయన బ్యాగు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. నేను లేచి నిలబడ్డాను, పూర్తిగా. మా కళ్ళు ఒకే ఎత్తులో ఉన్నాయి.

"అసలు మొయ్యగలవా నువ్వు?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ మోసింది నేనేగా" అన్నాను. "ఈసారి అందులో నా బట్టలుంటాయి, అంతే."