గాలి రాని ఫారం

ఆ ఆఫీసులో గాలక్క బల్ల పైన మాత్రం ఫ్యాన్ ఉండదు. కావాలనే ఊడదీశారు. కొత్త ఫారం ఏది తయారైనా ముందు ఆమె కంప్యూటర్లోకే వస్తుంది. అడుగున ఉన్న 'పంపు' బటన్ దగ్గర ఆమె చెంప ఆనిస్తుంది. అవతలికి దారి ఉంటే తెరలోంచి గాలి వస్తుంది, ఆన్‌లైన్‌లో వెళ్తుందని రాస్తుంది. లేకపోతే 'స్వయంగా వచ్చి ఇవ్వాలి' అని రాస్తుంది. పదహారేళ్ళలో ఒక్కటీ తప్పలేదు. ఎండాకాలం ఆమెకు చెమటలు కారుతుంటే పక్కబల్ల వాళ్ళు, "మంచి ఫారం ఒకటి తెరుచుకోరాదూ అక్కా" అని ఏడిపిస్తారు.

ఆ మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే ముసలాయన వచ్చాడు. ఆయన భార్యకు ఊపిరి అందడం లేదు. ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ కోసం పదకొండు రోజులుగా రోజూ ఫారం పంపుతున్నాడు.

"నొక్కినప్పుడల్లా 'ధన్యవాదాలు' అని వస్తోందమ్మా. అందిందనే అనుకున్నాం."

గాలక్క ఆ ఫారం తెరిచి చెంప ఆనించింది. రెండో చెంప కూడా ఆనించి చూసింది.

"ఇది వెళ్ళదు బాబాయ్. బటన్ ఉత్త బొమ్మ, వెనక ఏమీ లేదు. నాకు చూపించకుండానే సైట్‌లో పెట్టేశారు. పిన్నినే తీసుకురావాలి."

"మంచం దిగలేని మనిషిని మూడంతస్తులు ఎలా దింపనమ్మా?"

ఆమె లేచి పై అధికారి గదికి వెళ్ళింది. తనకూ బాధగానే ఉందన్నాడాయన, స్వయంగా రావాలన్న రూలు మాత్రం రూలేనన్నాడు. గోడకు చెప్పుకున్నా ఒకటే. తిరిగొచ్చేసరికి ముసలాయన కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు. ఆ ముఖం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. పదహారేళ్ళుగా వెళ్తుందో వెళ్ళదో చెప్పడమే తప్ప, వెళ్ళేలా చెయ్యడం ఆమెకు చేతకాదు.

"ఇంట్లో కంప్యూటర్ ఉందా?"

"మనవరాలి పాతది ఉంది."

ఆమె ఒక కాగితం మీద 'కుక్క లైసెన్సు ఫారం' అని రాసిచ్చింది.

"మాకు కుక్క లేదమ్మా."

"లేకపోతే ఏం? అది తెరిస్తే పక్కబల్ల కాగితాలు కూడా ఎగిరిపోతాయి. పిన్ని తల దగ్గర తెరిచి పెట్టు. బటన్ మాత్రం నొక్కకు బాబాయ్. వెళ్ళిపోతే మూసుకుపోతుంది."

ఆ సాయంత్రం తలగడ పక్కన ఫారం తెరవగానే ఆవిడ నెరిసిన జుట్టు కదిలింది. కాసేపటికి పెదాల మీది నీలం తగ్గింది. ముసలాయన మౌస్ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మిషన్ ఫారం ఇప్పటికీ వెళ్ళదు. వారానికోసారి ఆయన వచ్చి అడుగుతాడు, గాలక్క చెంప ఆనించి తల అడ్డంగా ఊపుతుంది. ఇంటి దగ్గర 'కుక్క పేరు' అన్న గడి ఖాళీగానే ఉంది, ఆవిడ ఊపిరి తీసుకుంటూనే ఉంది.