గ్రేడ్ మూడు

అత్తయ్య నన్ను తిట్టడం మానేసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇద్దరం ఒకే టైలరింగ్ షాపులో పక్కపక్క మిషన్ల మీద కుడతాం. కాజా కాస్త వంకర పోతే నా ఏడు తరాలనీ కడిగేసే మనిషి, రెండు నెలలుగా పల్లెత్తు మాట అనడం లేదు. పైగా "నువ్వు పడుకోమ్మా, నేను చూసుకుంటా" అంటోంది. మా ఆయన సంగతి సరేసరి. బంగారం, బుజ్జీ అంటూ ఒకటే గారం.

"రెండు నెలల కిందట నా రొమ్ములో గడ్డకి పరీక్ష చేయించారుగా, ఆ రిపోర్టు ఏదీ?" అని ఆయన్ని నిలదీశాను.

"మామూలు కొవ్వు గడ్డేనని చెప్పాగా" అంటూ నీళ్లు నమిలాడు. వదల్లేదు. చివరికి తన చొక్కాల కింద నుంచి తీసి ఇచ్చాడు.

క్యాన్సర్. గ్రేడ్ మూడు.

"మూడంటే ఆఖరి దశే కదే. చెప్పి ఏం లాభం? ఉన్నన్నాళ్లూ సంతోషంగా ఉంచుదామని అమ్మా, నేనూ అనుకున్నాం."

ఒళ్లు మండిపోయింది. "నా చావు మీరిద్దరూ ఖాయం చేసేసుకుని, నాకేమో యాపిల్ ముక్కలు కోసి పెడతారా? సిగ్గు లేదూ?"

మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ రిపోర్టు చదివి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా, మీవారితో మాట్లాడతాను" అంది.

"రొమ్ము నాదండీ. బయట ఎవరో ఒకరు కూర్చోవాలంటే ఆయన్ని కూర్చోమనండి."

ఆవిడ తడబడి, కాగితం నావైపు తిప్పింది. "ఇది పాలనాళాల్లో పుట్టిన రకం. హార్మోన్ అందితే పెరుగుతుంది, దాన్ని అడ్డుకునే మాత్రలున్నాయి. ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పేది గ్రేడ్. మూడంటే ఆఖరని కాదమ్మా. త్వరగా పెరుగుతుంది, వెంటనే వైద్యం మొదలుపెట్టాలని."

తర్వాత తెర చాటుకు తీసుకెళ్లి నా చంకలో తడిమి చూసింది. ఒకచోట ఆవిడ వేళ్లు ఆగాయి.

"మొదటి పరీక్షప్పుడు ఇక్కడేమీ లేదని రిపోర్టులో ఉంది. ఇప్పుడు బిళ్ల తగులుతోంది. నయం చేయొచ్చు. కానీ అప్పుడే వచ్చుంటే ఇంత వైద్యం పట్టేది కాదేమో."

తెర ఇవతలికి వచ్చేసరికి మా ఆయన అంతా విని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "నీ మంచికే అనుకున్నానే..."

ఇదివరకైతే ఆయన కళ్లు నేనే తుడిచేదాన్ని. ఇప్పుడు చెయ్యి రాలేదు.

"ఇంటికెళ్లి ఏడవండి. ఇక్కడ ఆవిడ చెప్పేది నాకు వినపడాలి" అన్నాను.