గాలి కారే మౌత్ ఆర్గాన్

రొమ్ము నిండా గని దుమ్ముతో మిగిలిన అరవై మందికి గాలి కారే డబ్బాలు అంటగట్టి, మోత రాకపోయేసరికి "వీళ్లకు ఊపిరి లేదు" అని కాగితం మీద రాశారే, తప్పు ఆ రాసినవాళ్లది. బెంగళూరులో చల్లని గదిలో కూర్చుని, ఒక్కటంటే ఒక్కటి నోట పెట్టి ఊది చూడకుండా, మెరుపు చూసి, రంధ్రాలు లెక్కపెట్టి, పెట్టెలకు పెట్టెలు కొన్నవాళ్లది. పేర్లు వాళ్లకే తెలుసు.

ఈ మాట వెంకటేశప్ప నోట రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతను కూడా తన రొమ్మునే తిట్టుకున్నాడు.

చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గనులు నడిచిన రోజుల్లో అతను ఫిట్టరు. భూమి లోపల రాయి తొలిచే డ్రిల్లులకు గాలి పంపే గొట్టాలు అతని చేతి కింద ఉండేవి. ఇప్పుడు అరవై తొమ్మిది. మెట్టు ఎక్కితే ఆయాసం, వంగితే దగ్గు. అతనిలాంటి వాళ్లకోసం ఒక ట్రస్టు, పాత క్లబ్బు హాల్లో ప్రతి గురువారం పొద్దున పదింటికి 'ఊపిరి తరగతి' పెట్టింది. మాలూరు నుంచి చైత్ర అనే ఫిజియోథెరపిస్టు రైల్లో వచ్చి నేర్పేది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మౌత్ ఆర్గాన్ ఊదినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది. రెండు వైపులా రొమ్ముకు పని. పైగా పాట వస్తుంది కాబట్టి విసుగుండదు.

ట్రస్టు తరఫున పురుషోత్తమ్ అనే అతను అట్టపెట్టె మోసుకొచ్చాడు. లోపల అరవై మౌత్ ఆర్గాన్లు. పేరు 'మెలోడీ స్టార్', బంగారు రంగు, ముట్టుకుంటే వేలిముద్ర పడేంత నిగనిగ. "ఒక్కోటి తొమ్మిది వందలు, ఇరవై నాలుగు రంధ్రాలు!" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు.

అరవై మంది ఒకేసారి ఊదారు. హాలంతా హుస్సుమంది. టైరులో గాలి దిగినట్టు.

ఎవరూ చేతిలోని డబ్బా వైపు చూడలేదు. అందరూ తల దించుకున్నారు. గనిలో పనికి ఎక్కే ముందు డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టి వినేవాడు. రొమ్ము బాగాలేదంటే పని పోయేది. ఇల్లూ పోయేది. అందుకని కంపెనీ కట్టిన కూలి ఇళ్ల లైన్లలో పుట్టి పెరిగిన మనిషికి ఏది చెడినా ముందు తన రొమ్మునే అనుమానించడం అలవాటు. ఇంకెవరికీ ఉండని అలవాటు అది. దాని మీద బతికిన కంపెనీలు బతికాయి, ఆఫీసర్లు బతికారు, ఇప్పుడు ఈ మెలోడీ స్టార్ కూడా బతికింది.

సొన్నప్ప మాత్రం నవ్వించాడు. "నా రొమ్ములో గాలి యాడుండాదప్పా? అది మూసేసిన షాఫ్టు. కింద అంతా నీళ్లే."

సొన్నప్ప డ్రిల్లు పట్టిన మనిషి. ఇరవై రెండేళ్లు వెంకటేశప్ప పంపిన గాలితోనే రాయి తొలిచాడు. రెండో నెలలో నవ్వడం మానేశాడు. మూడో నెలలో రావడం మానేశాడు. ఇంట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. నాలుగో నెలకి తరగతిలో తొమ్మిది మంది మిగిలారు. పురుషోత్తమ్ వచ్చి, వచ్చే గురువారమే ఆఖరు అన్నాడు. రిపోర్టులో ఒక వాక్యం చదివి వినిపించాడు: "సభ్యుల శ్వాస సామర్థ్యం ఈ వాయిద్యానికి సరిపోలేదు."

ఆ ఆదివారం వెంకటేశప్ప పక్క లైనులో ఉండే మునిలక్ష్మమ్మ ఇంటికి కుళాయి బిగించడానికి వెళ్లాడు. ఆమె భర్త దొడ్డమునియప్ప పోయి ఎనిమిదేళ్లయింది. క్లబ్బులో డాన్సులు జరిగిన రోజుల్లో మౌత్ ఆర్గాన్ వాయించిన మనిషి. తరగతి మూతపడుతోందని తెలిసి ఆమె ట్రంకుపెట్టెలోంచి ఒకటి తీసింది. చిన్నది, పది రంధ్రాలు, కొయ్య చట్రం. జర్మనీ వాళ్ల హోనర్ కంపెనీది.

"మా ఆయన ఎవుర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇంగ పెట్టుకోని ఏం జేసేది? ఒక సారి ఊదు అన్నా, వింటాను."

"నా చేత కాదమ్మా. రొమ్ము అయిపోయినాది."

"ఊదమంటే ఊదు. నిన్నేమన్నా కచ్చేరీ చెయ్యమన్నానా?"

ఊదాడు. మోగింది.

వెంకటేశప్ప దాన్ని నోట్లోంచి తీసి చూశాడు. మళ్లీ ఊదాడు. పీల్చాడు. పీల్చినా మోగింది. అదే మనిషి, అదే రొమ్ము, అదే దగ్గు. మారింది చేతిలోని వస్తువు ఒక్కటే. కుళాయి సంగతి మరిచిపోయి, పానా అక్కడే పడేసి ఇంటికి నడిచాడు. మునిలక్ష్మమ్మ వెనకనుంచి "నీళ్లు పోతాండాయి అన్నా!" అని అరుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే చైత్రకు ఫోను చేశాడు. "అమ్మా, నువ్వు బెంగళూరులో అంగడికి పో. మంచిది అనేది ఒకటి, నడిమి రకం ఒకటి తీసుకోని రా. నేను బంగారుపేటలో అగ్గువది ఒకటి తీసుకుంటాను. గురువారం తేల్చేస్తాం."

"తేల్చేది ఏంటి అంకుల్?"

"కారేది మేమా, డబ్బాలా అని."

బుధవారం సొన్నప్ప ఇంటికి వెళ్లాడు. సొన్నప్ప ఇటు తిరగలేదు.

"సుమ్నే ఉండప్పా. నన్ను ఇడిసిపెట్టు."

"ఇరవై రెండేండ్లు నేను పంపిన గాలి తిన్నావు గదరా. ఒక్క పొద్దు నా మాట తినలేవా?"

"నువ్వు పంపిన గాలి సగం గొట్టంలోనే పోయేది" అన్నాడు సొన్నప్ప గోడతోనే. "నా డ్రిల్లు కాడికి వచ్చేది పిల్లి తుమ్మంత."

"అప్పుడు కారేది యాడో కనిపెట్టినోడు ఎవుడు?"

సొన్నప్ప ఇటు తిరిగాడు. తర్వాత లేచి చొక్కా వెతుక్కున్నాడు.

గురువారం హాల్లో తొమ్మిది మంది ఉంటారనుకుంటే నలభై దాటారు. మునిలక్ష్మమ్మ లైనులైనూ తిరిగి చెప్పింది. పురుషోత్తమ్ ఆఖరి సంతకాలకు ఫైలు పట్టుకొచ్చాడు. బల్ల మీద అయిదు మౌత్ ఆర్గాన్లు వరసగా ఉన్నాయి.

చైత్ర షరతు పెట్టింది: అయిదింటికీ ఒకే నోరు. ఒకరిది ఒకరు నోట పెట్టుకోకూడదు, రొమ్ము జబ్బులవాళ్లు. పైగా రొమ్ము మారితే పోలికే కాదు. ఆ నోరు సొన్నప్పది. ఒక్కో దాన్ని స్పిరిటుతో తుడిచి ఇచ్చింది. ఒక ఊపిరి, ఒకే స్వరం, ఎన్ని సెకన్లు నిలుస్తుందో ఫోనులో చూసింది. మధ్య మధ్య కూర్చోబెట్టి నీళ్లు తాగించింది.

మెలోడీ స్టార్: రెండు సెకన్లు. అది కూడా సగం గాలి చప్పుడే.

బంగారుపేట అంగడిలో మూడు వందల యాభైకి దొరికిన పేరులేని పది రంధ్రాలది: నాలుగు. రెండు రంధ్రాలు అసలు పలకలేదు. అయినా తొమ్మిది వందలదాని కంటే రెట్టింపు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు.

దొడ్డమునియప్ప కొయ్య హోనర్: అయిదు. వయసుకి చట్రం ఎండి కొంచెం పగిలింది, పెదవికి గీసుకుంటోంది. "స్వరం మాత్రం చూడండి" అన్నాడు వెంకటేశప్ప. ఎవరూ కాదనలేదు.

కొత్త హోనర్, ప్లాస్టిక్ చట్రం: ఎనిమిది. స్వరం తేనెలా ఉంది. ధర నాలుగు వేల మూడు వందలు అని చైత్ర చెప్పగానే హాలంతా ముక్కున వేలేసుకుంది.

జపాను సుజుకి, అదీ ప్లాస్టిక్ చట్రమే: ఎనిమిది. తేనె అనలేం, కానీ గట్టి స్వరం, ఊదినా పీల్చినా ఒకేలా పలికింది. పెదవికి నున్నగా ఉంది. పదహారు వందలు.

సొన్నప్ప సుజుకిని చేతిలోనే పెట్టుకున్నాడు, వెనక్కి ఇవ్వలేదు. "ఎనిమిదా? నాదేనా?" అని చైత్రను రెండుసార్లు అడిగాడు.

పురుషోత్తమ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆయన అలవాటు పడలేదు అంతే సార్. మెలోడీ స్టార్‌లో రంధ్రాలు ఎక్కువ, వాల్యూ ఎక్కువ."

"రంధ్రాలు ఎక్కువ గనకనే చెడింది" అన్నాడు వెంకటేశప్ప. "దీంట్లో ఒక స్వరానికి రెండు రేకులు అదరాల. రెండింటికీ గాలి పొయ్యాల. బలంగా ఉండే వయసోడికి బాగుంటాది. మాకు ఒక రేకుది చాలు. ఇంగ రెండో తప్పు ఉండాది, చూడు."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మెలోడీ స్టార్ పైమూత విప్పాడు. లోపలి ఇత్తడి పలక, దాని కింద చట్రం కనబడ్డాయి. మునిలక్ష్మమ్మ ఒక గిన్నెలో సబ్బునీళ్లు నురగ కట్టించి పెట్టింది. అది చూడగానే ముసలివాళ్లలో కదలిక వచ్చింది. అందరికీ అర్థమైంది. భూమి లోపల గాలి గొట్టం ఎక్కడ కారుతోందో చెవికి తెలిసేది కాదు, డ్రిల్లుల మోతలో ఏమీ వినపడేది కాదు. ఫిట్టరు అతుకుల మీద సబ్బునురగ పూసేవాడు. బుడగ లేచిన చోటే కారే చోటు.

వెంకటేశప్ప పలకకూ చట్రానికీ మధ్య సందు పొడవునా వేలితో నురగ పూశాడు. చైత్ర ఊదే వైపు మళ్లీ స్పిరిటుతో తుడిచాక పురుషోత్తమ్‌కు ఇచ్చాడు.

"ఊదు అప్పా. నీది మంచి రొమ్ము. ఊదు."

నలభై మంది చూస్తున్నారు. పురుషోత్తమ్ ఊదాడు. సందు పొడవునా బుడగలు లేచాయి. ఒకటీ రెండూ కాదు, అన్నం పొంగినట్టు ఈ చివరనుంచి ఆ చివరదాకా లేచి అతని చేతి మీద, గడియారం మీద, తెల్ల చొక్కా మీద పడ్డాయి.

"కారతాండాది!" అని సొన్నప్ప అరిచాడు. అంత గొంతు అతనిలో ఉందని ఎవరికీ గుర్తు లేదు. "యాడికాడికి కారతాండాది రా! నేను కాదు, నేను కాదు!"

సుజుకి మూత కూడా విప్పి అదే చోట నురగ పూసి సొన్నప్ప చేతికిచ్చారు. ఊదాడు. ఒక్క బుడగ లేవలేదు. ఎనిమిది సెకన్ల మోత హాలు గోడలకు తగిలింది. నలభై మంది లేచి నిలబడ్డారు. కొందరు దగ్గుతూ నిలబడ్డారు, కొందరు ఏడుస్తూ. నాలుగు నెలలు తమ రొమ్మును తామే తిట్టుకున్నవాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మునిలక్ష్మమ్మ గిన్నె పైకెత్తి పట్టుకుంది, కప్పు గెలిచినట్టు.

"అయితే బడ్జెట్…" అన్నాడు పురుషోత్తమ్, చేయి తుడుచుకుంటూ. "పదహారు వందలు అంటే డబుల్ దగ్గరికి వస్తుంది. ట్రస్టు ఒప్పుకోదు."

"తొమ్మిది వందలకి రెండు సెకన్లు ఇచ్చినావు. సెకనుకి నాలుగు వందల యాభై. ఇది పదహారు వందలకి ఎనిమిది. సెకనుకి రెండు వందలు. అగ్గువ ఏది? నువ్వే చెప్పు, చదువుకున్నోడివి" అన్నాడు వెంకటేశప్ప.

చైత్ర ఫోను చూపించింది. నురగ పరీక్ష అంతా వీడియో తీసింది. "సార్, సమయాలు అన్నీ నేను రాసి సంతకం పెట్టాను. కొనేటప్పుడు నన్నూ అడగలేదు. ఇది రిపోర్టుకు జత చేయండి" అంది. పురుషోత్తమ్ కుర్చీలో కూలబడ్డాడు. అతను చెడ్డవాడని కాదు. ఊది చూడలేదు, అంతే. ఆ అంతే వల్ల యాభై ఒక్క మంది మంచాలకు తిరిగి వెళ్లిపోయారు.

వెంకటేశప్ప ఫైలు తీసి బల్ల మీద తెరిచాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది కొట్టెయ్. మా సామర్థ్యం సరిపోలేదు అని కాదు, మేము కొన్న డబ్బా కారింది అని రాయి. ఈ అరవై డబ్బాలూ ఈ పొద్దే వ్యానులో ఎత్తుకోని పో, అమ్మినోడి మొగాన కొట్టి రూకలు వెనక్కి తెప్పించు. తరగతి మూయకూడదు. మానేసినోళ్ల ఇంటింటికీ నువ్వే పోవాల, మేము కూడా వస్తాము, తప్పు మీది కాదు అని నీ నోటితోనే చెప్పాల. ఇంగ మీదట మా రొమ్ముకి ఏది కొన్నా ముందు మా నోటి కాడికి తేవాల, సబ్బునీళ్లు మేము పెడతాము. వచ్చే గురువారం పదింటికి ఈ బల్ల మీద కారనివి అరవై ఉండాల. పెన్ను తియ్యి. ఇప్పుడే రాయి."