శుక్రవారం పొగ

నా కొడుకు మునిచంద్ర డయాలసిస్‌ కోసం పుత్తూరులో బస్సెక్కి తిరుపతికి పోయేవాడు. వాడెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసేదాన్ని. బస్సు పోయాక కూడా ఇంకొంచెం సేపు నిలబడేదాన్ని. వాళ్ళ నాయన కుప్పయ్య దగ్గుతూ దగ్గుతూ అదే బస్సెక్కి ఆస్పత్రికి పోయాడు, తిరిగి రాలేదు. బీడీలు ఆయన్ని తినేశాయి. అమ్మనీ అక్కనీ కూడా నేను ఏదో ఒక గడప దగ్గర నిలబడి సాగనంపినదాన్నే. అందుకే నా కిడ్నీ మునిచంద్రకు సరిపోతుందని డాక్టర్లు చెప్పిన రోజు ఇంటికొచ్చి పాయసం చేశాను.

"కడుపు కోయించుకునేదానికి పాయసం సేసుకునేదాన్ని నిన్నే సూసినా అత్తా," అంది కోడలు కోమలి.

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. దానికి ముందు వారం ఏవో పరీక్షలున్నాయంటే పోయాము. ఆ రోజు ఆస్పత్రి వార్డులో మునిచంద్రకు ఇచ్చిన మంచం దగ్గరికి హంసిని అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. తిరుపతి పిల్ల. ఏదో పరిశోధన చేస్తోందట. బడి వయసులో పొగాకు వద్దనే ప్రచారాలు విన్నవాళ్ళు పెద్దయ్యాక నిజంగానే దానికి దూరంగా ఉన్నారా, అలాంటివాళ్ళకు కిడ్నీ మారిస్తే అది ఎక్కువ కాలం పనిచేస్తుందా అని తెలుసుకోవాలట. కిడ్నీ పెట్టించుకునేవాళ్ళనూ ఇచ్చేవాళ్ళనూ కూడా అడుగుతోంది.

"నేను ప్రచారం వినేదేంది మేడం, నేనే ప్రచారం," అన్నాడు మునిచంద్ర. "ఎనిమిదో తరగతిలో బీడీ యేసం కట్టినా."

"బీడీ వేషమా?"

"ఒళ్ళంతా గోనెసంచి, నడుముకి ఎర్రదారం, నెత్తిన ఎర్ర కాయితం. అది నిప్పన్నమాట. పుత్తూరు బస్టాండులో నాటకం ఏసినాము. నాకు ఒకటే డైలాగు." వాడు మంచం దిగి, చేతులు రెండూ ఒంటికి అంటించుకుని నిటారుగా నిలబడ్డాడు. "నన్ను ముట్టించినోడా, ముందు నేను కాల్తా, ఎనకాల నువ్వు కాల్తావు."

పక్క మంచం మీది ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"మా నాయన కూడా ఇట్లే కొట్టినాడు," అన్నాడు వీడు. "నోట్లో బీడీ తీయకుండానే."

"మరి మీరెప్పుడూ తాగలేదా?"

"బీడీ యేసం కట్టినోడు బీడీ తాగితే సొంతమనిషిని తిన్నట్టు గదా మేడం."

హంసిని నవ్వుతూ రాసుకుంది. అంతలో వాణ్ణి రక్తపరీక్షకు పిలిచారు. కోమలి పాపను ఎత్తుకుని వాడి వెంట పోయింది. నేనూ హంసినీ మిగిలాము. అది శుక్రవారం. తెల్లవారే తలకు పోసుకుని, జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టుకుని వచ్చాను. ఆ వాసన ఇంకా నా చుట్టూ ఉంది.

"మీకు పొగ అలవాటు ఉందా అమ్మా?" అంది హంసిని.

ఆడమనిషిని ఆ మాట అడిగితే మా ఊళ్ళో ఒకటే అర్థం. వాసన తగిలి అడుగుతోందనుకున్నాను.

"ఉండాది తల్లీ."

ఆమె పెన్ను ఆగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. మా యమ్మ పట్టేది. మా ఇంట్లో ఆడోళ్ళందరికీ ఉండాది. పొగ లేకుంటే నాకు తలనొప్పి వస్తాది."

"రోజుకు ఎన్నిసార్లు?"

"దినామూ యాడ కుదురుతాది? మంగళవారం, శుక్రవారం. పండగలప్పుడు ఇంకొంచెం ఎక్కువ."

"ఇప్పుడు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"నా మనవరాలికి నేనే పడతా."

"ఆ అమ్మాయి వయసెంత?"

"ఇప్పుడు ఎత్తుకుపోయిందే మా కోడలు, ఆ పాపే. ఏడో నెల. పొగ పట్టినానంటే ఇట్టే నిద్రపోతాది. జలుబు అనేదే ఎరగదు. నీకూ రేపు బిడ్డ పుడితే పట్టు తల్లీ."

హంసిని సీసా తీసి నీళ్ళు తాగింది. చాలాసేపు తాగింది. తరువాత నెమ్మదిగా, "ఈ సంగతి డాక్టరుగారికి చెప్పవచ్చా అమ్మా?" అంది.

"చెప్పు తల్లీ. దాంట్లో దాచేదేముండాది?"

మరుసటి రోజు కోమలి ఫోనుకు కబురొచ్చింది. అత్తగారు పొగ మానాలి. మానాక పరీక్షలన్నీ మళ్ళీ చేస్తారు. అప్పటిదాకా ఆపరేషన్ లేదు.

అప్పటికే మునిచంద్ర ముఖం ఉబ్బి ఉంది. డయాలసిస్ అయి వస్తే మంచం మీద పడి అన్నం కూడా వద్దనేవాడు. ఆలస్యమైన ప్రతి రోజూ నాకు ఆ బస్సు మలుపే కళ్ళముందు కనిపించేది.

"ఏ పొగ అత్తా?" అంది కోమలి.

"మనింట్లో ఇంకే పొగ ఉండాది? పొయ్యి చూస్తే గ్యాసు."

"సాంబ్రాణికీ కిడ్నీకీ ఏం సమ్మందం మా?" అన్నాడు మునిచంద్ర.

"వాళ్ళు చదువుకున్నోళ్ళు. మానమంటే మానేదే. నువ్వు నోరు మూసుకో."

ధూపం వేసే మట్టిమూకుడు పగలగొట్టాను. మిగిలిన సాంబ్రాణి పక్కింటికి ఇచ్చేసి, వాళ్ళు వేసుకుంటారని ఆ వైపు కిటికీ మూసేశాను. బజారులో అంగడి అంగడికీ సాంబ్రాణి పొగ వేసుకుంటూ వచ్చే సాయిబు ఎదురైతే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటి అవతలికి ఉరికాను.

"ఏం గురవమ్మా, నేనేమన్నా అప్పడిగినానా?" అని ఆయన వెనక నుంచి అరిచాడు.

తలకు పోసుకున్నాక పాప జుట్టు ఆరదు, నిద్రపోదు. కోమలీ నేనూ చెరొకవైపు కూర్చుని విసనకర్రతో విసిరేవాళ్ళం. విసురుతూ నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచేదాన్ని.

మళ్ళీ పరీక్షలయ్యాక డాక్టరుగారు మమ్మల్ని తన గదిలోకి రమ్మన్నారు. హంసిని కూడా అక్కడే ఉంది. ఆయన నా ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పెట్టి చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"మానేశారా అమ్మా?"

"ఆ దినమే మానేసినా సార్. ముక్కుకు కూడా తగలనీలేదు."

"ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయో నాకు అర్థం కావడం లేదు. మీరు తాగింది బీడీలా, చుట్టలా?"

"నేను బీడీ తాగేదేంది సార్? మా ఆయన్ని తీసుకుపోయిందే అది."

"మరి మానేసింది ఏమిటి?"

"సాంబ్రాణి."

హంసిని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందులోంచి, "మరి పాపకు పట్టేది?" అంది.

"జుట్టుకు తల్లీ. నువ్వేమనుకున్నావు, పసిబిడ్డ నోట్లో బీడీ పెట్టినాననుకున్నావా?"

కోమలి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. మునిచంద్ర అన్ని నెలల తరువాత కడుపు పట్టుకుని నవ్వాడు. డాక్టరుగారు మర్యాద కోసం కిటికీ వైపు తిరిగారు గానీ ఆయన భుజాలు ఊగుతున్నాయి.

"మా నాయనమ్మ కూడా నాకు పట్టేది," అంది హంసిని కళ్ళు తుడుచుకుంటూ. "నాకెందుకు తట్టలేదో. నన్ను క్షమించండమ్మా."

"పోనీలే తల్లీ. బిడ్డ కోసమే గదా భయపడినావు. నేనూ అంతే."

డాక్టరుగారు ఇటు తిరిగి, పసిబిడ్డకు మాత్రం ఏ పొగా మంచిది కాదు, జుట్టు తువ్వాలుతో తుడిస్తే చాలు అన్నారు. సరేనన్నాను. నాకు కావలసింది వేరే మాట. అది కూడా ఆయనే చెప్పారు.

"బుధవారం పెట్టుకుందాం."

బుధవారం ఇద్దరినీ చెరొక బండి మీద పడుకోబెట్టారు. కిడ్నీ ఇచ్చేవాళ్ళను ముందు తీసుకుపోతారట. నా బండి కదిలింది. ఈసారి పోయేది నేను, ఉండి చూసేది వాడు. మునిచంద్ర తల ఎత్తి, నా బండి తలుపు దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. పోయేవాళ్ళకు ఇంత తేలికగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి పక్కన కోమలి ఉంది. నేను అడగకముందే వంగి చెవిలో చెప్పింది.

"ఉచ్చ పోసినాడంట అత్తా. ఆడనే, కుట్లేసే లోపలే వచ్చిందంట. డాక్టర్లందరూ నవ్వినారంట."

నొప్పిలో కూడా నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. బయట కోమలి కిడ్నీల వార్డులో అందరికీ మైసూరుపాకు పంచిందట. ఎందుకమ్మా అని అడిగినవాళ్ళకు ఉన్న సంగతి ఉన్నట్టే చెప్పిందట. అక్కడ ఆ కబురు విలువ తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

నేను లేచి నడవగలిగాక నర్సు నన్ను వాడి గది దాకా తీసుకుపోయింది. లోపలికి పోనివ్వరు, అద్దంలోంచే చూడాలి. ముఖం వాపు తగ్గి, నా పాత మునిచంద్ర కనిపించాడు. డయాలసిస్ రోజుల్లో వాడికి నీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళం, ఎండాకాలంలో కూడా పెదవులు తడుపుకుని ఊరుకునేవాడు. ఇప్పుడు లోపలి నర్సు, తాగింది చాలలేదని వాణ్ణి కోప్పడుతోంది. వాడు నన్ను చూసి, సీసా ఎత్తి గటగటా తాగేసి, ఖాళీ అయిందని తలకిందులు చేసి చూపించాడు.

నర్సు ఇంకో సీసా వాడి చేతికిచ్చింది.