నడుము ఎత్తు

నాకు కోపం వచ్చిందా, లేక రావలసిన చోట రాలేదన్న దిగులా ఇది?

కొత్త స్టీలు పళ్ళేల మీది లేబుళ్ళు గోటితో గీకుతూ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. జిగురు ఒక పట్టాన వదలదు. వేడినీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, మళ్ళీ గీకాలి. హాల్లో మావారు ఫోనులో ఎవరితోనో హుషారుగా చెబుతున్నారు. "మేం ఈసారి హోటళ్ళ జోలికే పోం. బండే మా ఇల్లు!"

ఆ పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ మా వాకిట్లోకి వచ్చిన నాటి నుంచి దానికి ఏదో ఒకటి అమరుతూనే ఉంది. పైన కడ్డీల చట్రం, దాని మీద నిచ్చెన వేసుకుని ఎక్కే మడత టెంటు, పక్కన పందిరిలా విప్పుకునే గుడ్డ, బురదలో దిగబడితే లాగడానికి ముందువైపు ఇనుప తాడు, ఇంజను ఆపినా ఫ్రిజ్ నడవడానికి రెండో బ్యాటరీ. ఒక్కొక్కటి బిగించినప్పుడల్లా ఆయన నన్ను పిలిచి చూపించేవారు. నేనూ సంతోషించేదాన్ని. అది నటన కాదు.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థలో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఈ ప్రయాణానికని సెలవు అడిగితే మా సెక్షన్ హెడ్ "తప్పకుండా వెళ్ళిరండమ్మా, హాయిగా రెస్ట్ తీసుకోండి" అన్నారు. నేను లేవబోతుంటే, గదిలో కూర్చున్న తోటి ఉద్యోగులను చూపిస్తూ, "వెళ్తూ వెళ్తూ వీళ్ళకి కాస్త కాఫీ చెప్పేసి వెళ్తారా?" అని కూడా అన్నారు. తలుపుకు నాకన్నా దగ్గరగా మగవాళ్ళు కూర్చునే ఉన్నారు. చెప్పాను. చెబుతున్నప్పుడు కూడా నా మనసులో కొండే ఉంది.

మేము వెళ్ళబోయే చోట సరస్సుకు ఆనుకుని ఒక కొండ ఉందట. వెలుగు రాకముందే ఎక్కితే పొగమంచు కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుందట. ఆయనే చెప్పారు. "మనం చీకటుండగానే ఎక్కెయ్యాలోయ్" అన్నారు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇంతకాలం గడిపాను. నాకు కావలసింది అంతే. ఎవరి ఆకలీ నాకన్నా ముందు నిద్రలేవని ఒక ఉదయం.

ఇక మిగిలింది వెనక తలుపు తెరిస్తే బయటికి జారే వంటగది ఒక్కటే. స్టవ్, గిన్నెల సొరుగు, చిన్న సింకు, కుళాయి. బండికి ఇవన్నీ బిగించే మేస్త్రీ గీసిచ్చిన దాని బొమ్మ చూసి అత్తగారు మురిసిపోయారు. "అదృష్టవంతురాలివే అమ్మాయ్. మీ మావగారు మంచినీళ్ళకి కూడా వంటింటి గడప తొక్కిన మనిషి కాదు. వీడు చూడు, నీకోసం చక్రాల మీద వంటిల్లు కట్టిస్తున్నాడు!" ఆడపడుచు ఫోనులో పగలబడి నవ్వింది. "వదినా, ఇంక నువ్వు అడవిలో ఉన్నా నీకు ఇంటి మీద బెంగ ఉండదు పో!" మా అమ్మాయి గంతులేసుకుంటూ వచ్చింది. "అమ్మా, నాన్న నీకు సింకు కూడా పెట్టిస్తున్నారట!" ఈ మాటల్లో ఎక్కడా ద్వేషం లేదు. నా చిక్కంతా అదే. ద్వేషం ఉంటే ఎదురు నిలబడవచ్చు. ప్రేమతో చేతిలో పెట్టిన దాన్ని బరువని ఎలా అనడం? బరువనిపించింది కాబట్టి అది ప్రేమ కాదనవచ్చునా? లేక నాకే తీసుకోవడం చేతకాదా? గీకిన పళ్ళేన్ని వెలుతురులో తిప్పి చూశాను. ఇంకా మరక ఉంది.

"ఏమోయ్, బయల్దేరు. నువ్వు తప్పకుండా రావాలన్నాడు మేస్త్రీ" అన్నారు ఆయన.

షెడ్డు నిండా ఇనుప రజను వాసన. మా బండి వెనక తలుపు పైకి లేపి ఉంది. లోపల చెక్క సొరుగులు ఒద్దికగా అమరాయి. ఇనుప చట్రం మాత్రం ఇంకా పలక లేకుండా ఉంది. మేస్త్రీ జేబులోంచి టేపు తీశాడు.

"స్టవ్ పలకకి ఎత్తు కావాలండీ. వండేవాళ్ళ నడుం ఎంతెత్తుంటే అంతలో పెడితే వంగక్కర్లేదు. ముందే చెప్తున్నా, ఒకసారి అతికాక మళ్ళీ మార్చడం నా వల్ల కాదు."

"అందుకేగా మనిషినే తెచ్చాను! అసలే తనకి నడుం నొప్పి" అన్నారు ఆయన.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నొప్పి సంగతి ఆయనకు గుర్తుందన్నమాట. పొద్దుటి నుంచి నేను మోస్తున్న ప్రశ్న సిగ్గుతో తలవంచుకుంది.

"మరి పలక మీదికి లైటు?" అన్నాడు మేస్త్రీ.

"కావాలి, కావాలి. మేం చీకట్లోనే కొండెక్కేస్తాం. దిగొచ్చేసరికి తను టిఫినూ కాఫీ రెడీ చేసేస్తుంది."

మేం. మేస్త్రీతో అంటున్నారు కనుక ఆ మాట ఒప్పే. ప్రూఫులు దిద్దేదాన్ని, దాని కింద గీత గీయలేను. ఉదయం ఫోనులో అన్న 'మేం'లో నేను ఉన్నాను. ఈ 'మేం'లో లేను. రెంటికీ మధ్య ఒక్క అక్షరమైనా తేడా లేదు. ఎప్పుడు లోపల ఉంటానో, ఎప్పుడు బయట ఉంటానో నాకు తెలిపే గుర్తేదీ మా ఇంటి భాషలో లేదు.

"ఏమండీ, మనం అన్నారు కదా?"

"ఏది?"

"కొండ. మనం ఎక్కాలన్నారు."

"అన్నానా? ఆ... అంటే మనమే కదా వెళ్తున్నది! ఆ నడుంతో నువ్వేం ఎక్కుతావ్? కిందకి దిగంగానే పిల్లలు ఆకలి ఆకలని గోల పెడతారు, నీకు తెలీనిదా?"

"ఎక్కలేనని నేను చెప్పానా?"

"అబ్బా, ఆ సంగతి ఇక్కడా?" అని ఆయన మేస్త్రీ వైపు చూసి నవ్వారు.

"కొంచెం నిటారుగా నిలబడండమ్మా" అన్నాడు మేస్త్రీ.

నిలబడ్డాను. టేపు చివర నా పాదం దగ్గర నేలకు తగిలింది. కొండెక్కడానికి పనికిరాని నడుము వంటకు కొలతగా పనికొస్తోంది. అప్పటికీ నాకేదీ తేటపడలేదు. ఆయన మంచివారు. నొప్పిని గుర్తుపెట్టుకున్నారు. నన్ను మరచిపోయారు. ఈ మూడూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో తెలియలేదు. నాది కోపమో, దుఃఖమో, కృతఘ్నతో కూడా తెలియలేదు. అంతా తెలిశాకే కదులుదామని ఇన్నాళ్ళూ కదలకుండా ఉండిపోయాను. తెలిసినది ఒక్కటే. మరి కాసేపట్లో ఇనుము అతుక్కుపోతుంది.

"ఆగండి. ఆయన కొలత తీసుకోండి" అన్నాను.

"నాదా? నా ఎత్తున పెడితే గిన్నెలోకి చూడ్డానికి నువ్వు స్టూలెక్కాలి!"

"స్టూలెక్కను. ఆ వేళకి నేను పిల్లలతో కొండ మీద ఉంటాను."

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ వండేదెవరండీ?"

నేను మేస్త్రీ చేతిలోంచి టేపు అందుకుని ఆయన ముందు వంగాను. దర్జీ దగ్గర నిలబడ్డ అలవాటు కాబోలు, ఆయన చేతులు వాటంతటవే పక్కకు లేచాయి. నడుము దగ్గర అంకె చూసి, ఇనుప చట్రం మీద సుద్దముక్కతో గట్టిగా గీత గీశాను.

"ఇక్కడ అతకండి."