లెక్కలో ఉన్న మనిషి

గంగాధరం మాస్టారికి రెండు విషయాల్లో మహా నమ్మకం. ఒకటి తన చేతి గడియారం, రెండోది పిల్లల తెలివి మీద తన అంచనా. రెడ్డిగూడెం బళ్లో లెక్కలు చెప్పడానికి వచ్చిన ఈ పదకొండేళ్లలో ఆ రెండూ ఒక్కసారీ తప్పలేదని చెప్పుకునేవారు. ఆయన చెప్పుకోవడమే తప్ప ఇంకొకళ్లు చెప్పగా ఎవరూ వినలేదు, అది వేరే సంగతి.

అది ఎనభై నాలుగో సంవత్సరం. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకి వెళ్లేవాళ్ల జాబితా సోమవారానికల్లా ఇమ్మన్నారు హెడ్మాస్టరు. తప్పేవాళ్లని పంపితే బడికి చెడ్డపేరు కాబట్టి వాళ్ల పేర్లు వద్దన్నారు. మాస్టారు ముప్పై ఒక్క పేర్లు రాసి, ఒక్క పేరు వదిలేశారు. అది రిబ్కమ్మది, తోటపని చేసే సలోమోను కూతురు. ఏడాదంతా ఆ పిల్ల బోర్డు దగ్గర నోరు విప్పింది లేదు. సుద్దముక్క చేతికిస్తే పెదాలు కదుపుతూ నిలబడేది, అంతే. పరీక్ష కాగితం సగం ఖాళీగా ఇచ్చేది. మొద్దు అని ఆయన ఏనాడో తేల్చేశారు. పరీక్షకి పంపకపోతే సలోమోను బడి మాన్పించేస్తాడని తెలుసు. తెలిసే వదిలేశారు. చెడ్డమనిషి కాదు, పాపం. ఆ కబురు తనే వెళ్లి చెప్పడం మర్యాద అనుకుని, శనివారం ఒంటిపూట బడి అయ్యాక సైకిలెక్కి సలోమోను పనిచేసే మామిడితోటకి బయల్దేరారు.

తోటలో తొలికోత జరుగుతోంది. సాయంత్రానికి హనుమాన్ జంక్షన్ చేరాల్సిన లారీ డొంకలో నిలబడి ఉంది. చెట్ల కింద గడ్డి పరిచి కాయలు గుట్టపోశారు. ఇద్దరు ఆడవాళ్లు గుట్టకి అటొకరు ఇటొకరు కూర్చుని, రెండు చేతుల్తో ఐదేసి కాయలు తీసి గంపల్లో సర్దుతున్నారు. ఒకామెవి పెద్ద కాయలు, ఇంకొకామెవి చిన్నవి. మధ్యలో రిబ్కమ్మ నిలబడి ఉంది. చేతిలో కాగితం లేదు, పలక లేదు.

"ఏమే రిబ్..." అని మాస్టారు నోరు తెరిచారో లేదో, తోట కాపు కొన్న వ్యాపారి చలపతిరావు గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"లెక్కలో ఉందండీ," అన్నాడు గుసగుసగా.

అప్పుడు చూశారు మాస్టారు. ఇరవై మంది కూలీలున్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. లారీ డ్రైవరు రేడియో కట్టేసి కూర్చున్నాడు. నాలుగూళ్ల తోటలు కొనే చలపతిరావు, నోటికి హద్దూ అదుపూ లేని చలపతిరావు, పన్నెండేళ్ల పిల్ల ముందు బీడీ కూడా వెలిగించకుండా నిలబడ్డాడు. ఆ గుట్ట అయిపోయి కొత్త గుట్ట మొదలైంది. మొదటి ఐదు కాయలకి రిబ్కమ్మ "లాభం" అంది, లెక్క ఒకటితో మొదలుపెట్టకూడదు కదా మరి. ఆ తర్వాత పెద్ద కాయలకి పెదాలు కదుపుతోంది, చిన్న కాయలకి వేళ్లు ముడుస్తోంది. రెండు లెక్కలు ఒక్క తలలో నడుస్తున్నాయి. మాస్టారు కూడా మనసులో లెక్క మొదలెట్టారు. నలభై దాకా రాకుండానే చిన్న కాయల లెక్క తప్పింది, కాసేపటికి పెద్దవాటిదీ తప్పింది. ఆయన బీయెస్సీ ఫస్టు క్లాసు.

అరగంటకి ఆ గుట్టా తేలింది. "పెద్దవి పదకొండు వందల పదిహేను, చిన్నవి పదిహేడు వందల నలభై," అంది రిబ్కమ్మ. కూలీలు గంపలెత్తడం మొదలుపెట్టారు.

"మళ్లీ లెక్కపెట్టుకోరా?" అని అడిగారు మాస్టారు.

"మొదట్లో రెండుసార్లు పెట్టి చూశానండీ. రెండుసార్లూ నాదే తప్పు," అన్నాడు చలపతిరావు.

ఈ పిల్ల తన క్లాసుదేనన్న ఆనందంలో మాస్టారు ఆగలేకపోయారు. "రెండూ కలిపితే ఎంతే? ఊఁ! చెప్పు, తొందరగా!" అన్నారు, బళ్లో అన్నట్టే.

రిబ్కమ్మ తల వాలిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఇంతమందిని నోరెత్తనివ్వకుండా నిలబెట్టిన పిల్ల ఆయన కళ్లముందే మాయమై, బోర్డు దగ్గరి మొద్దు మిగిలింది.

సలోమోను వచ్చి భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "అట్టా తొందరపెట్టకండి సార్. లెక్కలో ఉన్న మనిషిని కదిపితే మళ్లీ మొదట్నించీ రావాలండి. మా పనిలో అట్టాగే నేర్పుతాం."

"బళ్లో కూడా అంతేనండి," అంది రిబ్కమ్మ నేల చూస్తూ. "మీరు ఊఁ అన్నప్పుడల్లా మళ్లీ మొదలెడతానండి."

ఊఁ అనకుండా మాస్టారు ఏనాడు పాఠం చెప్పారు గనక? పరీక్షల్లో కూడా బెత్తంతో బల్లలు తడుతూ, కానివ్వండి కానివ్వండి అంటూ తిరిగే మనిషి. అంటే ఈ పిల్ల ఒక్కో లెక్కని పదేసి సార్లు మొదటినుంచి చేసిందన్నమాట. ఏడాది పొడుగునా చేసింది. పదోసారి కూడా విసుక్కోలేదు, బడి మానలేదు. అంత ఓపిక ఆయన జన్మలో ఎక్కడా చూడలేదు.

జేబులోంచి జాబితా తీసి, సైకిలు సీటు మీద పెట్టి ఆమె పేరు రాశారు. "ఇంక నా క్లాసులో ఎవరూ నిన్ను కదపరమ్మా. నేనసలే మాట్లాడను," అన్నారు.

"పరీక్ష నూజివీడులో కదండీ. అక్కడ వేరే సార్లు ఉంటారు. వాళ్లు అరుస్తారు కదండీ?" అంది రిబ్కమ్మ.

దానికి జవాబు కూడా ఆ పిల్లే చెప్పింది.

"రోజూ సాయంత్రం ఇక్కడికి రండి సార్. నేను లెక్క చేస్తుంటా, మీరు తొందరపెడుతుండండి. అలవాటు చేసుకుంటా. ఇప్పుడే మొదలెడదామండి."

గడ్డి మీద ఇంకో గుట్ట సిద్ధంగా ఉంది. రిబ్కమ్మ మధ్యలోకి వెళ్లి నిలబడి ఆయన వైపు చూసింది. మాస్టారు నోరు తెరిచారు. రోజుకి వందసార్లు అలవోకగా వచ్చే ఊఁ అన్న ఆ ఒక్క మాట గొంతు దాటి రాలేదు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ రాలేదు. రిబ్కమ్మ తొందరపెట్టలేదు. ఆయనకి మాట వచ్చేదాకా అలాగే నిలబడింది.