ఇన్నాసమ్మగారి ఇంటి గడియ

కాఫీ గుడ్డసంచిలోంచి చుక్కచుక్కగా దిగుతోంది, ఇన్నాసమ్మగారు గ్లాసు ముందుకు జరిపి, తల ఎత్తకుండానే "కూసోని తాగమ్మాయ్, నిలబడి తాగితే బ్రెజిలోళ్ళు నొచ్చుకుంటారు" అంటోంది, కుముదిని బుద్ధిగా కూర్చుంటోంది. ఆవిడ పోయి నెల తిరగలేదని గుర్తుంది గాని, ఎదురుగా కాఫీ పోస్తున్న మనిషితో ఆ మాట ఎలా అంటారు, అందుకని మొహమాటపడి గ్లాసు అందుకుంటోంది. ఇది ఒంగోలులో ఆవిడ ఉన్న ఇల్లే, అదే వంటిల్లు, కాకపోతే కిటికీ అవతల మునగచెట్టు లేదు, సముద్రం ఉంది, అది చప్పుడు చేయడం లేదు.

కుముదిని పశువుల డాక్టరు. ఒంగోలు గిత్తల సంతతి ఎప్పుడో ఓడెక్కి బ్రెజిల్ చేరి మందలుగా పెరిగింది, అలాంటి ఒక మందను చూసుకునే ఉద్యోగం ఆమెకు అక్కడ దొరికింది. దానికి పోర్చుగీసు కావాలి. సగం జీవితం ఆ దేశపు ఆసుపత్రిలో నర్సుగా చేసి వచ్చిన ఇన్నాసమ్మగారు నేర్పుతానంది, కాని ఆవిడ పద్ధతి ఆవిడదే, ముందు మర్యాద, ఆ తర్వాతే మాట. కప్పు అందుకోవడం వచ్చాకే కప్పును ఏమంటారో చెప్పేది. ఆఖరి పాఠం తలుపు గురించి. చుట్టం వెళ్ళేటప్పుడు తలుపు ఇంటివాళ్ళే తీయాలని, అలా తీస్తే చుట్టం మళ్ళీ వస్తాడని, తనంతట తనే తీసుకుని వెళితే ఇక ఆ గడప తొక్కడని అక్కడివాళ్ళ నమ్మకం. అది చెప్పిన వారానికే ఆవిడ పోయింది.

"ఇంకా సగం పాఠాలు మిగిలాయండీ," అంటుంది కుముదిని. "చావింటికి వెళ్తే ఏమనాలో చెప్పనే లేదు మీరు."

"చెప్తాలే. తొందరేముంది, ఈడ బోలెడంత టైము."

గ్లాసులో కాఫీ ఎంత తాగినా తగ్గడం లేదు. కుముదిని గుమ్మంలోంచి ముందుగదిలోకి చూస్తే అది రైల్వే ప్లాట్‌ఫారమంత పొడుగు సాగి ఉంది, రెండు గోడల వెంటా తెల్లబట్టల్లో మనుషులు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరూ తనవైపే చూస్తున్నారు.

"వీళ్ళంతా ఎవరండీ?"

"మనింటికొచ్చినోళ్ళే. పోయేటప్పుడు నేనే తలుపు తీశా, అందరూ మళ్ళా వచ్చారు," అంటుంది ఇన్నాసమ్మ, పదిమందికి వండిపెట్టిన మనిషి సంబరంతో. "ఇప్పుడిక పోరు."

కుముదిని గ్లాసు కింద పెడుతుంది. లేస్తుంది, లేస్తూ లేస్తూ "వెళ్ళొస్తానండీ" అనేస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంట్లోంచీ వస్తానని చెప్పకుండా కదిలిన మనిషి కాదు, నోరు అలవాటు చొప్పున తన పని తాను చేసుకుపోయింది. ఆ మాట వినగానే తెల్లబట్టలవాళ్ళు తలా కాస్తా జరిగి ఒక మనిషికి చోటిస్తారు. "జా వాయ్?" అంటారు అందరూ ఒక్కసారే. అప్పుడే వెళుతున్నావా అని. ఇన్నాసమ్మగారు ఆమెకు నేర్పిన మొదటి మాట అదే.

"ఉండమ్మాయ్, తలుపు తీస్తా," అని ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయలుదేరుతుంది. కుముదిని పరుగెత్తుతుంది, ఎంత పరుగెత్తినా గది సాగుతూనే ఉంది, ఆవిడ నిదానంగా నడుస్తూనే ముందుంది, చెయ్యి అప్పుడే గడియ మీద ఉంది.

"వద్దండీ. మీరు తీయొద్దు."

ఇంత మర్యాద చేసిన మనిషిని చివరికి ఇలా అనడానికి కుముదినికి సిగ్గేస్తుంది, సిగ్గుకన్నా భయం ఎక్కువగా ఉంది. ఇన్నాసమ్మ ఇప్పుడు మొదటిసారి తల ఎత్తి ఆమె మొహంలోకి చూస్తుంది, తర్వాత గడియ వదిలేసి పక్కనున్న ముక్కాలిపీట మీద చతికిలబడుతుంది.

"మోకాళ్ళమ్మాయ్. ఇంక లేవలేను. నువ్వే తీసుకో."

ఇంతదూరం అడుగు చప్పుడైనా లేకుండా నడిచిన మనిషికి మోకాళ్ళేమిటి. బతికున్నన్నాళ్ళూ జ్వరంలో కూడా లేచొచ్చి తలుపు తీసింది. కుముదినికి అర్థమవుతుంది, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోవాలనిపిస్తుంది, వెనక తెల్లబట్టలు దగ్గరవుతున్న చప్పుడు.

"వెళ్తున్నాను," అంటుంది.

వెళ్ళిరా అంటుందేమోనని ఆగుతుంది.

"వెళ్ళు," అంటుంది ఇన్నాసమ్మ.

ఉప్పుగాలికి తుప్పుపట్టిన గడియ కీచుమంటుంది. కుముదిని కళ్ళు తెరుస్తుంది. మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది, చీర చెమటకు తడిసింది, గడియ చప్పుడు మాత్రం ఆగలేదు, తన ఇంటి ముందుగదిలోంచి వస్తోంది. చూడ్డానికి వచ్చిన చెల్లెలు శ్రావ్య, అక్కను లేపడం ఎందుకని తనే తలుపు తీసుకుని వెళ్ళబోతోంది.

కుముదిని చెప్పులైనా లేకుండా పరుగున వెళ్ళి, చెల్లెలి చెయ్యి పక్కకు తీసి, సగం జరిగిన గడియను మళ్ళీ బిగించి, తన చేత్తో తీస్తుంది.

"ఏందక్కా, ఏమైంది?" అంటుంది శ్రావ్య.

"ఏం లేదు. వెళ్ళిరా."